ఇల్లాలి భుజానికి అమరే రైఫిల్

అమెరికాలో వేటకూ గురిపందాలకూ అంకితమైన పత్రికల పాత సంచికలను తిరగవేసేవారికి ఒక ప్రశ్న పదేపదే తారసపడుతుంది. భార్యకు రైఫిల్ కొనదలచుకున్నాను, ఏది కొనడం మేలు? అడిగేవాడు భర్త. సమాధానం చెప్పేవాడు చాలావరకు మరొక భర్త. ఆ ఆయుధాన్ని భుజానికి ఎత్తుకోవలసిన ఇల్లాలి మాట ఆ ఉత్తర ప్రత్యుత్తరాలలో ఎక్కడో గాని వినిపించదు.

మన పాఠకులలో చాలామందికి ఈ ప్రశ్నే విడ్డూరంగా తోచవచ్చు. ఆలికి నగ కొనే మగవాడు మనకు తెలుసు, కుట్టుమిషను కొనే మగవాడూ తెలుసు. తుపాకి కొనే మగవాడు అరుదు. అయితే అమెరికాలో, విశేషించి పడమటి రాష్ట్రాలలోనూ దక్షిణ రాష్ట్రాలలోనూ, శరదృతువులో సాగే లేడివేట ఎన్నో కుటుంబాలకు ఏటేటా జరిగే ఒక ఆనవాయితీ. భార్యాభర్తలు కలిసి వెళతారు, వేటమాంసాన్ని శీతాకాలానికి దాచుకుంటారు. అక్కడ ఇల్లాలికి సొంత రైఫిల్ ఉండడంలో వింత ఏమీ లేదు. వింత అల్లా ఆ రైఫిల్‌ను ఎంపిక చేసే తీరులోనే ఉంది.

ఈ విషయంలో ప్రమాణంగా తీసుకోదగిన వ్యక్తి జాక్ ఓకానర్. ఆయన 1902లో ఆరిజోనాలో జన్మించాడు. ఆరిజోనా విశ్వవిద్యాలయంలో ఆంగ్లమూ పత్రికారచనా బోధించాడు. నవలలు కూడా రాశాడు. ఆ పిమ్మట ‘ఔట్‌డోర్ లైఫ్’ పత్రికలో తుపాకుల శాఖకు దశాబ్దాలపాటు సంపాదకత్వం వహించి ఆ రంగంలో గురుపీఠం అధిష్ఠించాడు. ఆంగ్ల సాహిత్యం చదువుకుని అనువాదాలతో కాలం గడిపే నా వంటి దానికి తుపాకుల మీద రాసిన వ్యాసాలను చివరిదాకా చదివించగలిగాడంటే, అది ఆ ఆంగ్లోపాధ్యాయుడి వాక్యం చేసిన పనే. ఆయన పేరు చెప్పగానే వేటగాళ్లకు స్ఫురించేది .270 వించెస్టర్ తూటా. జీవితమంతా దానికి ప్రచారకుడుగా ఉన్నాడు. ఆయన అర్ధాంగి ఎలినార్ కూడా పేరెన్నికగన్న వేటగత్తె. భర్త లోకమంతటికీ .270ను సిఫారసు చేస్తూ ఉంటే, ఆమె చేతిలో ఎక్కువగా కనిపించింది మాత్రం 7 మిల్లీమీటర్ల మౌజర్. తన చేతికి నచ్చినది ఆమె చేతికీ నచ్చి తీరాలని ఆయన పట్టుబట్టలేదు. ఇద్దరూ 1978లోనే, కొద్ది నెలల తేడాతో, కన్నుమూశారు.

ఆ 7 మిల్లీమీటర్ల తూటా చరిత్ర కొంత తెలుసుకోదగినది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకంలో జర్మనీలోని మౌజర్ సంస్థ దానిని రూపొందించింది. స్పెయిన్ దేశపు సైన్యం దానిని స్వీకరించింది. ఇంగ్లండులో రిగ్బీ సంస్థ దానికే .275 అని పేరు పెట్టి రైఫిళ్లు తయారుచేసింది. 1907లో కుమావూన్ ప్రాంతంలోని చంపావత్‌లో నరమాంసానికి మరిగిన ఆడపులిని జిమ్ కార్బెట్ తుదముట్టించినందుకు సంయుక్త పరగణాల ప్రభుత్వం తరఫున ఆయనకు బహూకరించింది ఇటువంటి .275 రిగ్బీనే. ఆ పులి 436 మంది ప్రాణాలు బలిగొన్నదని కార్బెట్ రాశాడు. 1926లో రుద్రప్రయాగ చిరుతను కూల్చిందీ .275 రైఫిలే. అమెరికా దుకాణాలలో ‘ఆడవాళ్లకు సరిపోయే తేలికపాటి తూటా’ అని కొంత చిన్నచూపుతో అమ్మిన సరుకు, ఇక్కడ హిమాలయాల అడుగున కార్బెట్ ప్రాణాన్ని కాపాడుతూ వచ్చినదన్నమాట! తూటాకు ఆడామగా భేదం లేదని ఇంతకంటె వేరే రుజువు అక్కరలేదు.

మరి భేదం ఎక్కడ ఉంది? భుజంలో ఉంది, మెడలో ఉంది, చేయి పొడవులో ఉంది. రైఫిల్ అనే మాటకు అసలు అర్థం గొట్టం లోపల మెలితిరిగి సాగే గాడులు. ఆ గాడులే తూటాను బొంగరంలా తిప్పుతూ, తిన్నగా పంపుతాయి. ఆంగ్లంలో పేరు లోహపు గొట్టానికి వచ్చింది గాని, పేల్చే మనిషికి సంబంధించినంత వరకు ముఖ్యమైనది దాని వెనుక ఉన్న కొయ్యభాగం. మనవాళ్లు దానిని తుపాకి మడమ అంటారు. ఎంత చక్కని మాట! అనువాదకురాలిగా నాకు ఇటువంటి మాట సిద్ధంగా దొరకడం పండుగ.

ట్రిగ్గరు నుంచి మడమ చివరిదాకా ఉండే దూరం అమెరికన్ కర్మాగారాల రైఫిళ్లలో సాధారణంగా పదమూడున్నర అంగుళాలు. అది ఇంచుమించు అయిదడుగుల తొమ్మిది, పది అంగుళాల పురుషుణ్ణి దృష్టిలో పెట్టుకున్న కొలత. అయిదడుగుల రెండంగుళాల స్త్రీ దానిని ఎత్తితే ఏమవుతుంది? మడమను భుజపు గుంటలోకి తెచ్చుకోలేక చేతి కండ మీదికి జార్చుకుంటుంది. ముందుచేయి చాచవలసి వచ్చి నడుమును వెనక్కి వాలుస్తుంది. తల ముందుకు సాగదీస్తుంది. ఆ భంగిమలో ఎంత చిన్న తూటా పేలినా దెబ్బ తగలరాని చోట తగులుతుంది. ఒక అంగుళం, అవసరమైతే అంగుళంన్నర, మడమను కోయించి, చివర రబ్బరు మెత్త బిగిస్తే అదే మనిషి నిటారుగా నిలబడుతుంది. మంచి వడ్రంగికి ఇది పూటపని. ముంజేతిని లంబకోణంలో వంచి, మడమను మోచేతి మడతలో ఆనించి, చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గరును అందుకుంటుందా లేదా అని చూడడం పాతకాలపు మోటు పరీక్ష. దర్జీ టేపు వంటిది కాదు గాని, ఉజ్జాయింపుకు పనికివస్తుంది.

కొయ్యను పొట్టి చేయించినంత మాత్రాన పని పూర్తి కాదు. స్త్రీకి మెడ సాపేక్షంగా పొడవుగా ఉంటే చెంప ఆనే చోటు ఎత్తుగా ఉండాలి. లేకపోతే దూరదర్శిని లోంచి చూడడానికి చెంపను గాలిలో నిలుపుకోవలసి వస్తుంది. మడమ దిగువ కొన ఛాతీకి గుచ్చుకోకుండా కొంచెం పక్కకు వాలి ఉండాలి. ఇవి పత్రికలలో రాయడానికి మగవాళ్లు మొహమాటపడిన సంగతులు. ఆ మొహమాటం ఖరీదు ఇల్లాళ్ల భుజాలు చెల్లించాయి.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. మంచి మనసుతోనే భర్తలు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. ఆమె సుకుమారి కదా అని అన్నిటికంటె తేలికైన రైఫిల్ కొంటారు. తుపాకి తన్నడం న్యూటన్ మహాశయుడి మూడవ సూత్రం. తూటా ముందుకు పోయిన ఊపు ఎంతో, తుపాకి వెనక్కి వచ్చే ఊపూ అంతే. అయితే భుజానికి తెలిసేది ఆ ఊపు కాదు, తుపాకి వెనక్కి వచ్చే వేగమూ శక్తీ. రైఫిల్ బరువు తగ్గేకొద్దీ ఆ శక్తి పెరుగుతుంది. ఎనిమిది పౌన్ల బరువున్న .30-06 రైఫిల్‌లో 180 గ్రెయిన్ల తూటా పేలిస్తే ఆ శక్తి సుమారు 20 అడుగు-పౌన్లు. అదే తూటాను ఆరున్నర పౌన్ల ‘సుకుమారపు’ రైఫిల్‌లో పేలిస్తే 25. మరొక వైపు, ఏడున్నర పౌన్ల .243 వించెస్టర్‌లో 9 అడుగు-పౌన్లకు మించదు. 7 మిల్లీమీటర్ల మౌజర్ దాదాపు 12 దగ్గర నిలుస్తుంది. లేడిని నేలకూల్చడానికి ఈ చివరి రెండింటిలో ఏదైనా చాలు. అంటే తగ్గించవలసినది తూటా బలమే గాని తుపాకి బరువు కాదు. కొండలెక్కే వేటలో బరువు మోయడం శ్రమే, నిజం. ఆ రెంటి మధ్య రాజీ ఎక్కడ కుదురుతుందో మోసే మనిషే చెప్పాలి.

తన్ను కంటె చప్పుడు మరింత హానికరం. పెద్ద రైఫిల్ పేలుడు ఒక్కసారికే చెవికి శాశ్వత నష్టం కలిగించగలదు. తన్నును తగ్గించడానికని గొట్టం కొనకు రంధ్రాల తొడుగు బిగించడం ఇటీవలి వేలంవెర్రి. తన్ను తగ్గే మాట నిజమే. చప్పుడు మాత్రం పేల్చేవారి వైపే తిరుగుతుంది. చెవులకు రక్షణ లేకుండా మొదటి తూటా పేల్చిన మనిషి రెండవసారి ట్రిగ్గరు నొక్కబోయే క్షణంలో తెలియకుండానే కన్ను మూసి భుజం బిగిస్తుంది. ఆ ఉలికిపాటు ఒకసారి పట్టుకుంటే వదిలించడం గురువులకే తలకు మించిన పని. అందుకే అనుభవజ్ఞులు మొదట .22 తో, వందల తూటాలు కాల్చిన తరువాతనే, పెద్దదానిని చేతికివ్వమంటారు. కుడిచేతి వాటం ఉన్నవారిలో కొందరికి ఎడమ కన్ను ప్రధానమై ఉంటుంది. ఆ సంగతి కూడా కొనకముందే తేల్చుకోవడం మంచిది.

భార్య చేతి తుపాకి పట్ల భర్త ఎలా నడుచుకోవచ్చునో చూపిన జంట ఒకటి అమెరికా చరిత్రలోనే ఉంది. ఒహాయో రాష్ట్రంలో పేద కుటుంబంలో 1860లో పుట్టిన ఆనీ ఓక్లీ అయిదడుగుల మనిషి. ఊరూరా తిరిగి గురి ప్రదర్శనలు ఇచ్చే ఫ్రాంక్ బట్లర్‌ను పందెంలో ఓడించి, తరువాత అతనినే పెళ్లాడింది. ఇద్దరూ కొంతకాలం కలిసి ప్రదర్శనలు ఇచ్చారు. తనకంటె ఆమె గురి మెరుగని గ్రహించిన బట్లర్ వేదిక వదిలి ఆమె వ్యవహారాలు చూసుకునే బాధ్యత వహించాడు. ఆ రోజులలో ఆ పని చేయడానికి ఎంత గుండె కావాలో ఊహించుకోవచ్చు. 1885లో బఫెలో బిల్ బృందంలో చేరిన ఆమె 1887లో లండన్ వెళ్లినప్పుడు చార్లెస్ లాంకాస్టర్ అనే తుపాకుల తయారీదారు ఆమె కొలతలకు తగిన తుపాకులు చేసి ఇచ్చాడు. అవి రైఫిళ్లు కావు, పక్షుల వేటకు వాడే తుపాకులు. అయినా సూత్రం ఒకటే. ప్రపంచ ప్రఖ్యాతురాలికి సైతం కొట్టులో వేలాడే తుపాకి సరిపడలేదు.

దుకాణదారు చెప్పని మాట ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. అమెరికాలో 2022లో తుపాకుల వల్ల 48 వేల మందికి పైగా చనిపోయారు. వారిలో 27 వేల మంది తమను తామే కాల్చుకున్నవారు. ఇంట్లో తుపాకి ఉండడం ఆ ఇంటివారికి ఆత్మహత్యా ప్రమాదాన్ని పెంచుతుందని అక్కడి పరిశోధనలు నిలకడగా చెబుతున్నాయి. భర్త చేయిచేసుకునే ఇంట్లోనైతే తుపాకి భార్యకు రక్షణ కాదు సరికదా, ఆమె ప్రాణానికే ముప్పు. అటువంటి నేరానికి శిక్షపడినవారు తుపాకి కలిగి ఉండరాదని ఆ దేశపు కేంద్ర చట్టం 1996 నుంచి నిషేధించింది. రైఫిల్‌కు పెట్టే సొమ్ములో కొంత భాగం ఉక్కు బీరువాకు వెచ్చించడం, తూటాలను వేరొక చోట తాళం వేసి ఉంచడం, ఆ తాళం చెవి ఎవరివద్ద ఉండాలో ఇద్దరూ ముందే మాట్లాడుకోవడం రైఫిల్ ఎంపికలో భాగమే. మానసికంగా క్రుంగిన రోజులలో తుపాకిని ఇల్లు దాటించడానికి సిగ్గుపడనక్కరలేదు.

మన దేశంలో ఈ ప్రశ్నకు రూపమే వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వినోదపు వేటకు కాలం చెల్లింది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు వ్యక్తికే గాని కుటుంబానికి కాదు. భర్త లైసెన్సు మీద ఉన్న రైఫిల్ భార్యకు కానుక కాజాలదు. ఆమె పేరిట వేరే లైసెన్సు ఉండాలి, దరఖాస్తు ఆమే చేసుకోవాలి, పోలీసు విచారణ ఆమె గురించే జరగాలి. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. .303 వంటి సైనిక కొలతల తుపాకులు సామాన్యులకు నిషిద్ధం. కాబట్టి మన ఇల్లాలికి మిగిలిన దారి ప్రధానంగా క్రీడ. 2016 నాటి నియమాల ప్రకారం .177 కొలతకూ 20 జౌళ్ల శక్తికీ లోబడిన గాలి రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు.

గాలి రైఫిల్ అనగానే బాలల ఆటవస్తువు స్ఫురిస్తే ఆ అభిప్రాయం మార్చుకోవాలి. పది మీటర్ల దూరంలో అర మిల్లీమీటరు చుక్కను కొట్టవలసిన పోటీ అది. 1984 నుంచి స్త్రీలకు ఒలింపిక్ క్రీడ. 2000లో సిడ్నీలో అంజలీ భాగవత్ తుదిపోటీదాకా చేరింది ఆ క్రీడలోనే. పోటీ రైఫిల్ బరువు అయిదున్నర కిలోల వరకు ఉండవచ్చు. అంత బరువును బక్కపలచని అమ్మాయిలు గంటకు పైగా నిలబడి ఎలా పట్టుకుంటారు? కండబలంతో కాదు. ఎడమ మోచేతిని తుంటిమీద ఆనించి, బరువును ఎముకల మీదుగా నేలకు దించుతారు. ఆ భంగిమ కుదరాలంటే చెంపదిమ్మె, మడమ పలక, చేతిపట్టు అన్నీ మనిషికి తగినట్లు పైకీ కిందికీ, ముందుకూ వెనక్కీ జరగాలి. ఈ రైఫిళ్లలో వాటన్నిటికీ మరలు ఉంటాయి. ఆ మరలు తిప్పడం నేర్చుకోవడానికే కొన్ని వారాలు పడుతుంది. కొనబోయే ముందు దగ్గరలోని రైఫిల్ క్లబ్బులో వారి రైఫిల్‌తో రెండు మూడు నెలలు సాధన చేసి, తనకు కుదిరిన కొలతలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లడం ఇల్లాలికి ఉత్తమం. ఆ కాగితం ఉంటే దుకాణంలో భర్తకు మిగిలే పని సొమ్ము చెల్లించి, పెట్టె మోసుకురావడం.