మెయిలు చదివి పెట్టే ఫోను ఎవరి కోసం?

మొన్న ఆఫీసులో కాఫీ మిషను దగ్గర ఓ పెద్దమనిషి (పదిహేనేళ్ళ అనుభవం, హోదా చివర ఆర్కిటెక్టు) నన్నడిగాడు: "ఫోన్ చేసి మెయిల్ వినటమా? ఏ కాలంలో ఉన్నావయ్యా నువ్వు?" నేను నవ్వి ఊరుకున్నా. ఆఫీసులో పెద్దవాళ్ళ మీద నోరు చేసుకోవద్దని మా అమ్మ చెప్పింది. ఇక్కడ ఆ బాధ లేదు కాబట్టి చేసుకుంటున్నా.

ముందు కథ. మాది జంపని. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు దారిలో వస్తుంది. నేను పుట్టినప్పుడు గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. ఎవరైనా అడిగితే ఇప్పటికీ నా నోట్లోంచి గుంటూరనే వస్తుంది, అది వేరే సంగతి. మా బాబాయి ఊరికి దగ్గర్లోనే ఓ రైసుమిల్లులో ఇరవై ఏడేళ్ళుగా గుమస్తా. గుమస్తా అంటే కూర్చుని లెక్కలు రాసే మనిషి అనుకునేరు. ధాన్యం చేత్తో పట్టుకుని తేమ ఎంతుందో చెప్తాడు, లారీ ఎక్కించటం, కాటా, హమాలీల కూలి, చెన్నై బెంగుళూరు కొనుగోలుదార్లతో మాటలు, అన్నీ ఆయనే. షావుకారు గారబ్బాయి వచ్చాక ఆర్డర్లన్నీ మెయిల్లోకి మారాయి. మంచిదే. నోటి మాట మీద జరిగే గొడవలు తగ్గాయి.

తర్వాత రెండేళ్ళకి బాబాయికి షుగరు కళ్ళకి పాకింది. లేజరు చేశారు, కంట్లో ఇంజక్షన్లు ఇచ్చారు. ఉన్న చూపు నిలబెట్టగలం గానీ పోయింది తేలేమని డాక్టరు ముందే చెప్పాడు. ఇప్పుడాయనకి మనిషి తెలుస్తాడు, లారీ తెలుస్తుంది, అక్షరం తెలియదు. మిల్లులో ఆయన పని నూటికి తొంభై వంతులు ఇప్పటికీ చేస్తాడు. ఆ మిగతా పది వంతులు మెయిల్లో ఉన్నాయి. సంక్రాంతికి వెళ్ళినప్పుడు పిన్ని వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది, మిల్లు వాళ్ళు ఇంకో కుర్రాణ్ణి చూసుకుంటున్నారని.

2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన మనిషిని ప్రభుత్వ సంస్థ తీసెయ్యటానికి లేదు, హోదా తగ్గించటానికి లేదు. చాలా గొప్ప సెక్షన్. కాకపోతే రైసుమిల్లు ప్రభుత్వ సంస్థ కాదు.

సరే, మనం చదువుకున్న చదువు ఎందుకు? కంపెనీ మెయిల్ సర్వరుకి ఫోన్ చేస్తే ఉత్తరాలు చదివి వినిపించే ఏర్పాటు కొత్తదేం కాదు. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఛేంజ్ 2007లో యూనిఫైడ్ మెసేజింగ్ అని పెట్టింది, అందులో ఔట్‌లుక్ వాయిస్ యాక్సెస్ అని ఓ సదుపాయం. మామూలు ఫోన్ నుంచి డయల్ చేసి, ఎక్స్‌టెన్షన్, పిన్ నొక్కితే మెయిల్ చదివేది, క్యాలెండర్ చెప్పేది, "మీటింగుకి ఇరవై నిమిషాలు ఆలస్యం" అంటే మీటింగులో అందరికీ కబురు పంపేది. గొంతుతోనే జవాబు చెప్పొచ్చు. డయల్ ప్లాన్ రాసుకుని, ఐపీ గేట్‌వే కలుపుకుని, హంట్ గ్రూపు, మెయిల్‌బాక్సు పాలసీ పెట్టుకుంటే ఓపికున్న అడ్మిన్ చెయ్యగల పనే.

ఏ భాషలో చదివేది? ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచి, జపనీసు.. తర్వాత వెర్షన్లలో ఇండియా వాళ్ళ ఇంగ్లీషు కూడా వచ్చింది. తెలుగు రాలేదు. హిందీ కూడా రాలేదు. అంటే కార్లో వెళ్తూ మెయిల్ వినాలనుకునే మేనేజరు కోసం కట్టిన ఇల్లు అది. ఆ మేనేజరు చేతికి స్మార్ట్‌ఫోన్ రాగానే ఆ ఇంటితో పని తీరిపోయింది. ఎక్స్‌ఛేంజ్ 2019లో యూనిఫైడ్ మెసేజింగ్ మొత్తం తీసేశారు, ఆన్‌లైన్ ఎక్స్‌ఛేంజ్‌లో 2020లో మూసేశారు. దాని బదులు వచ్చింది వాయిస్ మెయిల్ పెట్టె మాత్రమే, అది ఉత్తరాలు చదవదు. ఔట్‌లుక్ మొబైల్లో మెయిల్ చదివి వినిపించే సదుపాయం ఇంకోటి 2019లో తెచ్చి 2024లో ఎత్తేశారు.

మా ఆర్కిటెక్టు గారి ప్రశ్నకి మూలం ఇక్కడుంది. ఆయన దృష్టిలో ఇది చచ్చిపోయిన టెక్నాలజీ. అయ్యా, చావటానికి ముందు బతకాలి కదా! మావాళ్ళ వరకూ అది పుట్టనే లేదు. అవసరమైన వాడి దగ్గరికి ఒక్కసారి కూడా రాకుండానే "కాలం చెల్లింది" అని తీర్పిచ్చేశారు.

అలాగని ఫోన్లో గొంతుతో సమాచారం చెప్పటం మన దగ్గర ఎవరికీ తట్టలేదా అంటే, బోలెడుమందికి తట్టింది. 2004లో కిసాన్ కాల్ సెంటర్లు మొదలయ్యాయి, రైతు ఫోన్ చేసి తెలుగులో అడిగితే తెలుగులో చెప్పేవాళ్ళు. 2008 ప్రాంతంలో ఐబీఎం ఇండియా పరిశోధకులు ఆంధ్ర పల్లెలోనే ఓ ప్రయోగం చేశారు. ఊళ్ళో వాళ్ళు ఫోన్ చేసి తమ గొంతుతో ప్రకటనలు పెట్టటం, ఎదుటివాళ్ళవి వినటం. చదువు రాని వాళ్ళు కూడా ఎవరూ నేర్పకుండానే వాడేశారు. 2022 మార్చిలో మీట ఫోన్ల కోసం యూపీఐ 123పే తెచ్చింది రిజర్వు బ్యాంకే. డబ్బులు పంపటానికి పనికొచ్చే మీట ఫోను, లారీ ఆర్డరు వినటానికి పనికిరాదా?

"టాక్‌బ్యాక్ ఉంది కదా, ఫోనే స్క్రీన్ చదువుతుంది" అంటారు. ఉంది, తెలుగులోనూ చదువుతుంది. చిన్నప్పటి నుంచి చూపు లేని కుర్రాళ్ళు దాన్ని వాడే వేగం చూస్తే మనం సిగ్గుపడాలి. కానీ యాభై ఆరేళ్ళ వయసులో చూపు తగ్గిన మనిషికి, ఊక దుమ్ములో, మిషను హోరులో, నున్నటి అద్దం మీద రెండు వేళ్ళతో ఇటు లాగు, రెండుసార్లు తట్టు అని నేర్పి చూడండి. నేను నేర్పాను. నాలుగో రోజు ఫోను బల్ల మీద పెట్టి, "ఒరే అబ్బాయ్, ఇంక చెప్పబాక. దీనికి 5 అంకె ఎక్కడుందిరా?" అన్నాడు. మీట ఫోన్లో 5 మీద చిన్న బుడిపె ఉంటుంది. గమనించారా ఎప్పుడైనా? అదొక్కటి తగిలితే మిగతా పదకొండు మీటలూ చీకట్లో దొరుకుతాయి. లక్షలు పోసి చేసిన యాప్‌లో అలాంటి బుడిపె ఒక్కటి చూపించండి.

కట్టటానికి నాకు మూడు వారాంతాలు పట్టింది. చిన్న కంప్యూటర్ మీద ఆస్టరిస్క్ (మార్క్ స్పెన్సర్ 1999లో మొదలుపెట్టిన ఫోన్ ఎక్స్‌ఛేంజి సాఫ్ట్‌వేర్, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు), మిల్లు పేరు మీద టెలికాం కంపెనీ నుంచి తీసుకున్న ఒక సిప్ లైను, మెయిల్ సర్వరులోంచి ఉత్తరాలు తెచ్చే నాలుగొందల లైన్ల పైథాన్, చదవటానికి మైక్రోసాఫ్ట్ వాళ్ళ తెలుగు గొంతు. ఆడగొంతు పేరు శ్రుతి, మగగొంతు పేరు మోహన్. బాబాయికి రెండూ వినిపిస్తే మోహన్ వద్దన్నాడు, రేడియోలో ప్రాంతీయ వార్తలు చదివినట్టుందట.

లైను కలపటం మొదటి వారాంతంలోనే అయిపోయింది. మన పరిశ్రమలో ఎవరైనా ఇక్కడ ఆగి "డెలివర్డ్" అని రాసుకుంటారు. అసలు పని అక్కడి నుంచి మొదలైంది.

మొదటి మెయిల్. "బీపీటీ 5204, 300 బస్తాలు" అని రాసుంది. శ్రుతి గారు "బీపీటీ అయిదు వేల రెండు వందల నాలుగు, మూడు వందల బస్తాలు" అని చదివారు. బాబాయి ఉలిక్కిపడ్డాడు. "అయిదు వేల బస్తాలా? ఎక్కణ్ణుంచి తెచ్చేది?" బాపట్లలో పుట్టి, 1986లో విడుదలై, దేశమంతా సాంబమసూరిగా తిన్న వంగడం అది. బాపట్ల జిల్లా రైసుమిల్లులో దాని పేరు సరుకు లెక్కలా వినపడింది. దాన్ని సరిచెయ్యటానికి ఒక్క లైను కోడు చాలు. ఆ ఒక్క లైను రాయాలంటే ధాన్యం సంగతి తెలిసినవాడు పక్కన కూర్చోవాలి.

తర్వాత అంకెలు. టెలిఫోన్ లైను మనిషి గొంతులో 300 నుంచి 3,400 హెర్ట్‌జ్ దాకానే మోసుకెళ్తుంది, మిగతాది కత్తిరిస్తుంది. మిల్లు హోరు దానికి తోడు. "ఇరవై"కీ "అరవై"కీ తేడా మొదటి అక్షరంలోనే ఉంది, ఆ అక్షరమే మింగుడు పడిపోతుంది. అందుకే మా వ్యాపారస్తులు ఫోన్లో ఎప్పుడూ "అరవై, ఆరు సున్నా" అని రెండు రకాలుగా చెప్తారు. నేను చిన్నప్పటి నుంచి వింటూ చాదస్తం అనుకున్నా. అది ఎర్రర్ కరెక్షన్ అని ఇంజినీరింగు చదివిన నాకు మూడో వారాంతంలో తట్టింది. ఇప్పుడు మా ప్రోగ్రాము కూడా అలాగే చెప్తుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు ఇంకో గోల. "రేపు లారీ వస్తుంది" అని కొనుగోలుదారు ఇంగ్లీషు లిపిలో కొడితే ఆ యంత్రం "రెప్పు లారీ వాస్టుండి" అంటుంది. వాక్యాన్ని ముందు తెలుగు లిపిలోకి మార్చి, ఆ తర్వాత చదివించాలి. మెయిలుని వేగు అనాలా ఉత్తరమనాలా అని మనం ఏళ్ళ తరబడి కొట్టుకున్నాం గానీ, వచ్చిన వేగు ఏ లిపిలో ఉందో చూసే దిక్కు లేదు. మా ఊరి పేరు సంగతి చెప్పనే అక్కర్లేదు. రైల్వే వాళ్ళు స్టేషను పేరు ఇంగ్లీషులో జెడ్‌తో రాస్తారు, ఎందుకంటే మేం పలికేది ఆ జ కాదు, పళ్ళ దగ్గర పలికే జ. యంత్రం మాత్రం "జామ్ పానీ" అంటుంది, హిందీవాడు మంచినీళ్ళు అడిగినట్టు. రైల్వే వాడికున్న చెవి కూడా మనకి లేకపోయింది.

ఇక ఉత్తరం అడుగున ఉండే "ఈ సందేశం రహస్యమైనది, మీరు ఉద్దేశించిన గ్రహీత కాకపోతే.." అనే పురాణం. కంటితో అయితే దాటేస్తాం. చెవితో దాటలేం, నలభై సెకండ్లు వినాలి. దానికింద పాత జవాబుల తోక. అవన్నీ కత్తిరించి ఎవరు, ఎప్పుడు, ఏ రకం, ఎంత అన్నది ముందు చెప్పించాం. 1 నొక్కితే "అందింది" అని జవాబు వెళ్తుంది, 2 నొక్కితే బాబాయి మాట్లాడింది రికార్డయి మెయిలుకి తగిలించి వెళ్తుంది, 3 నొక్కితే మళ్ళీ చదువుతుంది. 3 నే ఎక్కువ నొక్కుతాడు.

భద్రత గురించి అడుగుతారని తెలుసు. మొదట నేనూ బద్ధకించి, బాబాయి నంబరు నుంచి వస్తే తెరిచేసేలా పెట్టా. తప్పు. ఫోన్ చేసే నంబరుని మోసగాళ్ళు మార్చి చూపించగలరు. ఆరంకెల పిన్ పెట్టి, మూడు తప్పులకి తాళం పడేలా మార్చా. ఓటీపీ ఉన్న మెయిల్ చదవకుండా ఆపేశా, ఫోన్లో దొంగలకి కావాల్సింది ముందు అదే కాబట్టి. ఇది కష్టమైన పని కాదు. "సెక్యూరిటీ ఒప్పుకోదు" అని చెప్పి తప్పించుకోవటం మాత్రం చాలా తేలిక.

ఒకప్పుడు ఇంకో సాకు ఉండేది, రూల్సు. కాల్ సెంటర్ లాంటి సంస్థలకి ఇంటర్నెట్ ఫోనునీ మామూలు ఫోను లైన్లనీ కలపటం మీద మన దేశంలో ఏళ్ళ తరబడి గట్టి ఆంక్షలున్నాయి. ఓఎస్పీ నిబంధనలు 2020 నవంబరులో, మళ్ళీ 2021 జూన్‌లో బాగా సడలించారు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవటం జీవించే హక్కులో భాగమని తీర్పిచ్చింది. ఆ కేసు వేసిన వాళ్ళలో చూపు లేక, బ్యాంకు కేవైసీలో కన్ను ఆర్పి చూపించలేక ఆగిపోయిన వాళ్ళున్నారు. కాబట్టి లైను లేదు, గొంతు లేదు, చట్టం లేదు అనే మూడు సాకులూ పోయాయి.

మిగిలిందల్లా మనం. మాట్లాడే రోబోలు అమ్మటానికి కంపెనీలు రోజూ ఫోన్ చేస్తున్నాయి, తెలుగులోనే, "సార్ లోన్ కావాలా" అని. మనల్ని పీడించటానికి తెలుగు వచ్చిన యంత్రానికి మన పని చేసి పెట్టటానికి తెలుగు రాదా? మీ కంపెనీ పనంతా మెయిల్లోకి మార్చాలని నిర్ణయించింది మీరు. గుమస్తాని ఎవరూ అడగలేదు. మరి ఆ మెయిలుకి ఫోను వైపు నుంచి ఒక తలుపు పెట్టే ఖర్చు కూడా మీదే. మా మిల్లుకి నెలకి అయ్యేది ఓ పాతిక కిలోల బియ్యం బస్తా ఖరీదు కూడా కాదు.

షావుకారు గారబ్బాయి ఇప్పుడు కొత్త కుర్రాడి ఊసెత్తట్లేదని పిన్ని చెప్పింది. మొన్నోరోజు ఆయనే నా దగ్గర పిన్ అడిగాడు, బండి మీద వెళ్తూ వింటాడట. విడిగా పెట్టుకోండన్నా, బాబాయిది ఇవ్వలేదు.

పోయిన వారం మాత్రం ఓ దెబ్బ తగిలింది. చెన్నై ఆయన ఆర్డరు కాగితం మీద రాసి, ఫోటో తీసి మెయిలుకి తగిలించి పంపాడు. శ్రుతి గారు "ఒక బొమ్మ ఉంది" అని చెప్పి ఊరుకున్నారు. బాబాయి మూడుసార్లు 3 నొక్కి, తర్వాత నాకు ఫోన్ చేశాడు. ఫోటోలో చేతిరాత చదివించే పని మొదలుపెట్టా గానీ, ఆయన రాతలో ఏడూ ఒకటీ ఒకేలా ఉన్నాయి. సోమవారం ఆయనకే ఫోన్ చేసి, టైపు చేసి పంపమని అడగాలి.