వైఫై కాల్: తాళంచెవి ఎవరి వద్ద ఉంది?

మందపాటి గోడల ఇళ్లలో మొబైల్ సిగ్నల్ సరిగా అందదు. వైఫై మాత్రం అందుతుంది. ఆ వైఫై మీదుగా మన మామూలు నంబరుతోనే మాట్లాడుకునే సదుపాయాన్ని మన దేశంలో ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో ప్రారంభించాయి. అయితే ఆ వైఫై పొరుగువారిదో, ఆసుపత్రిదో అయినప్పుడు మన ఇంటి మాట పరాయివారి చెవిన పడదా?

ప్రియ పాఠకులారా! ఈ భయాన్ని తొలగించడానికే ఫోన్ కంపెనీ తన నెట్‌వర్కు సరిహద్దున గేట్‌వే అనే ద్వారాన్ని నిలుపుతుంది. మన ఫోన్ వైఫై ద్వారా ముందుగా ఆ ద్వారాన్ని చేరుతుంది. అక్కడ మొదట గుర్తింపు జరుగుతుంది. సిమ్ కార్డులో ఒక రహస్య సంఖ్య ఉంటుంది. అదే సంఖ్య కంపెనీ వద్ద కూడా భద్రంగా ఉంటుంది. కంపెనీ ఒక కొత్త సంఖ్యను పంపి ప్రశ్నిస్తుంది. సిమ్ తన రహస్యంతో లెక్కకట్టి జవాబు చెబుతుంది. రహస్యాన్ని మాత్రం బయటపెట్టదు. ఎదుట ఉన్నది నిజంగా తన కంపెనీయేనా అని సిమ్ కూడా పరీక్షిస్తుంది.

ఆ సంభాషణలోనే ఫోనుకూ ద్వారానికీ మధ్య ఒక తాత్కాలిక తాళంచెవి సిద్ధమవుతుంది. దానితో మాటలన్నీ సంకేతలిపిలోకి మారి ప్రయాణిస్తాయి. వైఫై యజమానికి ఏదో వెళుతున్నదని తెలుస్తుంది, అదేమిటో తెలియదు.

ఈ భద్రతకు ఆ తాళంచెవే ప్రాణం. వివిధ దేశాలకు చెందిన 13 కంపెనీల గేట్‌వేలు ప్రతిసారీ కొత్త రహస్యాన్ని సృష్టించవలసింది పోయి, ఒకే 10 రహస్యాలను ఉమ్మడిగా వాడుతున్నాయని 2024లో ఆస్ట్రియా, జర్మనీ పరిశోధకులు వెల్లడించారు. వీధిలోని ఇళ్లన్నింటికీ ఒకే తాళంచెవి చేయించినట్లయింది! విధానం మంచిదే, దానిని అమలు చేసినవారే అలక్ష్యం చూపారు. ఆ లోపాన్ని తర్వాత సరిదిద్దే చర్యలు చేపట్టారు.

మరొక హద్దును కూడా గుర్తించాలి. ఈ రక్షణ ఫోన్ నుండి గేట్‌వే వరకే. అక్కడి నుండి అది మామూలు కాల్ లాగానే సాగుతుంది. అదే వైఫైలో మనం తెరిచే వెబ్‌సైట్లు, యాప్‌లు ఈ మార్గంలో వెళ్లవు. వాటి భద్రత వేరుగా చూసుకోవాలి. కరెంటు పోయి రూటర్ ఆగితే, బయట సిగ్నల్ లేనిచోట కాల్ కూడా ఆగిపోతుంది.

కనుక సిగ్నల్ అందని ఇళ్లవారు ఫోన్ సెట్టింగులలో వైఫై కాలింగ్‌ను నిశ్చింతగా వాడుకోవచ్చు. ఫోన్‌కు వచ్చే అప్‌డేట్లను వాయిదా వేయకండి. పరాయి వైఫైలో కాల్ మాట్లాడటం వేరు, బ్యాంకు పనులు చేయటం వేరు అనే భేదాన్ని ఇంట్లోని పిల్లలకు, పెద్దలకు ఓపికగా వివరించండి.