పెద్ద ఆటలలో మన తరువాతి ఆట యేది?

మనుష్యునకు కథలయందు ప్రీతి సహజము. కథను వినుటకంటె దానిలో తానొక పాత్రయై సంచరించుట మఱింత ప్రీతికరము. మన తెలంగాణమున ఒగ్గుకథ చెప్పువారు మల్లన్న కథనో బీరప్ప కథనో యెత్తుకొనిరేని ఒకరే గడియలో రాజుగను, మఱు గడియలో దాసిగను మాఱి, రాత్రులతరబడి కథ నడిపింతురు. వినవచ్చిన జనము కోడి కూయువఱకును కదలదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు పండ్రెండు సంపుటములు. మణిసిద్ధుడను యతియు, గోపకుమారుడును కాశికి నడచుచుండ మజిలీ మజిలీకిని ఒక వింత, ఒక కథ. ఇవి మిక్కిలి దీర్ఘములని చదువరులు దోషమెంచలేదు. దీర్ఘకథకొక ప్రత్యేక సుఖము గలదు: అందు చాలకాలము వసించిన పిదప పాత్రలు మన యిరుగుపొరుగువారివలె నగుదురు.

ఈ ప్రాచీనమైన ప్రీతియే నేడు కంప్యూటరునందును, చేతిఫోనునందును 'రోల్ ప్లేయింగ్ గేము' అను క్రొత్త వేషముతో మన సెంటినరీ కాలనీ క్వార్టర్లలోనికి వచ్చినది. విద్యార్థులు దీనిని క్లుప్తముగా ఆర్.పి.జి. యందురు. ఇది యేమో పెక్కుమంది తల్లిదండ్రులకు తెలియదు గనుక రెండు మాటలు చెప్పుట యవసరము. ఇందు ఆడువాడు ఒక కథానాయకుని పాత్ర వహించును. ఊరూర తిరుగుచు, కనబడినవారితో మాటలాడుచు, తోడివారిని కూర్చుకొని, శత్రువులతో పోరాడి, అనుభవముచే బలము పెంచుకొని, తుదకు కథను గట్టెక్కించును. 1974లో అమెరికాయందు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు ప్రకటించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' దీనికి మూలము. అందు యంత్రమేమియు లేదు. కాగితము, పెన్సిలు, పాచికలు, చుట్టు కూర్చుండిన మిత్రులు, ఇంతియే. అటుపిమ్మట కంప్యూటరు ఆ పాచికలను తన చేతిలోనికి తీసికొనెను. జపానునందు 1986లో యూజీ హోరీ 'డ్రాగన్ క్వెస్ట్'ను, 1987లో హిరోనొబు సకగూచి 'ఫైనల్ ఫాంటసీ'ని కల్పించి యీ తరహా ఆటను లోకమునకు పరిచయము చేసిరి.

ఇక మన ప్రశ్నకు వత్తము. ఒక ఆట ముగిసిన విద్యార్థి తోడివానిని తప్పక యడుగు మాట యొకటి గలదు: "ఇక మీదట ఏది ఆడవలెను?" పెద్దలకిది పనికిమాలిన ప్రశ్నగా తోచవచ్చును. మాకట్లు తోచదు. విద్యార్థి తన కాలమును దేనికి వెచ్చింపవలెనో తానే నిర్ణయించుకొను సందర్భములు మిక్కిలి తక్కువ. పాఠశాల వేళలు గురువులు నిర్ణయింతురు; చదువు వేళలు తల్లిదండ్రులు నిర్ణయింతురు. వాని స్వంత నిర్ణయమునకు మిగిలిన కొలది గంటలలో ఈ ఆట యొకటి. దానిని చక్కగా ఎన్నుకొన నేర్చినవాడు రేపు గ్రంథమును, వృత్తిని, స్నేహితుని చక్కగా ఎన్నుకొన నేర్చును.

మొదట లెక్క చూతము. 2016లో జపానునందు వెలువడిన 'పెర్సొనా 5' అను ఆటను ముగించుటకు సుమారు 100 గంటలు పట్టును. మన కాలనీ పేరే సింగరేణి గనుల నూఱేండ్లకు జ్ఞాపకము. కావున నూఱు అను సంఖ్య బరువు మనము తెలిసికొనదగును. బాయి పనికి పోవు తండ్రి షిఫ్టు 8 గంటలు. నూఱు గంటలన పండ్రెండున్నర షిఫ్టులు. అనగా ఆదివారపు సెలవులు పోను రెండు వారములకు మించిన డ్యూటీ. అంత కష్టము ఒక ఆటకు పోయుచున్నది. మఱియొక విధముగ చూడుడు. బుద్ధిమంతుడైన విద్యార్థి శనివారమొక గంట, ఆదివారమొక గంట మాత్రమే ఆడునని యనుకొందము. నూఱు గంటలు నిండుటకు వానికి 50 వారములు పట్టును. అది యించుమించు ఒక సంవత్సరము! ఆఱవ తరగతి మొదలు తొమ్మిదవ తరగతి వఱకు నాలుగు సంవత్సరములు. పదవ తరగతి సంవత్సరమును పరీక్షకు విడిచితిమేని, ఉన్నత పాఠశాల జీవితమంతటిలో నిట్టి ఆటలు నాలుగే పట్టును. కావున 'తరువాతి ఆట యేది' యని యడుగువాడు నిజమునకు 'నా తరువాతి సంవత్సరపు తీరికను దేనికిత్తును' అని యడుగుచున్నాడు.

ఇట్లనగానే కొందఱు పెద్దలు, "అంత కాలము పట్టునేని మొత్తము మానిపించుటయే మేలు గదా" యందురు. వారి భయము నిష్కారణమైనది కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో అంగీకరించి 2022 జనవరి నుండి అమలుపఱచిన వ్యాధుల పట్టికయందు ఆటల వ్యసనమునకును చోటొసగినది. అందు చెప్పిన గుర్తులు మూడు: ఆటను అదుపులో నుంచుకొనలేకపోవుట, తక్కిన పనులన్నిటికంటె దానికే ప్రాముఖ్యమిచ్చుట, కీడు కలుగుచున్నను మానకుండుట. ఇవి సాధారణముగా నొక సంవత్సరమైనను కనబడినగాని వ్యాధియని నిర్ణయింపరు. వారమునకు రెండు గంటలు ఆడి, గడియారము చూచి లేచువానికి ఈ గుర్తులలో నొకటియు లేదు. పైగా మంచి ఆటవలన లాభమును గలదు. ఇట్టి ఆటలు చాలవఱకు ఆంగ్లమున వ్రాయబడిన సంభాషణలతో నిండియుండును. కథ తెలియవలెనన్న చదివి తీరవలయును. నిఘంటువును ముట్టని బాలుడు కూడ ఇందు పదమునకర్థము వెదకును. పటము చూచి దారి తెలిసికొనుట, ఉన్న ధనమును మందునకో ఆయుధమునకో పంచుకొనుట, తన నిర్ణయమునకు తానే ఫలమనుభవించుట, ఇవన్నియు నందు గలవు.

అయితే ఆటలన్నియు నొక్కటి కావు. ఎన్నికకు మాకు తోచిన సూత్రములను విన్నవించెదము.

మొదటి సూత్రము: అంతము గల ఆటనే ఎన్నుకొనుడు. ఇది యన్నిటికంటె ముఖ్యము. కాశీకి బయలుదేరిన బాటసారులు కాశీ చేరుదురు. భారతము పదునెనిమిది పర్వములతో ముగియును. ముగింపు గలదు గనుకనే అవి కథలు. ఇప్పుడు ఫోనులయందు ఉచితముగా దొరకు ఆటలలో పెక్కింటికి ముగింపు లేదు. ఉదాహరణమునకు, 2020లో చైనా దేశపు సంస్థ విడుదల చేసిన 'గెన్షిన్ ఇంపాక్ట్' చూచుటకు మనోహరమైనది, ప్రవేశము ఉచితము. కాని యందు ప్రతిదినమును కొన్ని పనులు చేసి బహుమతి పొందవలయును. క్రొత్త పాత్రలు చాలవఱకు చీట్లు తీసినట్లు అదృష్టముచే దొరకును. అదృష్టమును పదే పదే పరీక్షించుటకు డబ్బు పెట్టి కొనవచ్చును. కథ కొంత కొంతగా పెరుగుచునే యుండును. ఇట్టి ఆట మనకు దినదినమును మస్టరు వేయించును. కథ ముగించి లేచిన తృప్తిని మాత్రమీయదు. వెల యిచ్చి కొన్న ఆటకంటె వెల లేని ఆటయే తుదకు ప్రియమగుట తల్లిదండ్రులు గ్రహింపవలయును.

ఇక్కడ నొక భ్రమ తొలగింపవలసి యున్నది. కొందఱు కథల ఆటలను, పందెపు ఆటలను ఒక్కటిగా నెంచి తిట్టుదురు. ధనము పణమొడ్డి ఆన్‌లైనునందాడుటను తెలంగాణ ప్రభుత్వము 2017లో చట్టసవరణచే నిషేధించినది. 2025 ఆగస్టులో భారత పార్లమెంటును దేశమంతటికి అట్టి నిషేధ చట్టమును చేసినది. అది జూదము. మేము చెప్పు ఆటలయందు పందెము లేదు, ధనలాభాశ లేదు. రెంటిని కలిపి మందలించినచో బాలుడు రెంటిని గూర్చిన మందలింపును త్రోసివేయును.

రెండవ సూత్రము: మట్టి యెంత, బొగ్గెంత చూడుడు. గని తెఱచుటకు ముందు బోర్లు వేసి, పొర యెంత లోతున నున్నదో, ఎంత మందమో చూతురు. ఓపెన్ కాస్టునందైతే ఒక టన్ను బొగ్గునకు ఎన్ని ఘనపు మీటర్ల మట్టి తీయవలయునో లెక్కగట్టి, అది మితిమీరినచో ఆ పని జోలికి పోరు. ఆటలయందును మట్టి గలదు. బలము పెంచుకొనుటకై ఒకే తీరు శత్రువును వందసార్లు కొట్టుట, ఒకే తీరు మూటను ఒక ఊరినుండి మఱియొక ఊరికి మోయుట, ఇవి మట్టి. కథ, ఆలోచన, ఆశ్చర్యము, ఇవి బొగ్గు. మొదటి రెండు మూడు గంటలు బోరు వేసినట్లు ఆడి చూడుడు. గుట్టంత మట్టి తీసినను గంపెడు బొగ్గు రాదని తోచెనేని నిస్సంకోచముగ విడువుడు. సగము ఆడితిమి గదా యని మిగిలిన సగము నీడ్చుట తెలివి కాదు.

మూడవ సూత్రము: వయస్సు చూడుడు. ఐరోపాయందు ఆటల పెట్టెలపై 3, 7, 12, 16, 18 అను అంకెలు ముద్రింతురు. అన్ని యేండ్లు నిండినవారికే యా ఆట తగునని వాని భావము. 2015లో పోలెండునుండి వచ్చిన 'విచ్చర్ 3'ను, 2023లో బెల్జియమునుండి వచ్చిన 'బాల్డర్స్ గేట్ 3'ను లోకము మిక్కిలి పొగడినది. పొగడ్త న్యాయమైనదే, కాని వానిపై నున్న అంకె 18. తొమ్మిదవ తరగతి బాలుడా! అవి యెక్కడికిని పోవు. నీకు పదునెనిమిది నిండువఱకు వేచియుండును.

నాలుగవ సూత్రము: ఒకటి ముగించినగాని రెండవది యెత్తరాదు. 2003లో వాల్వ్ సంస్థ ప్రారంభించిన స్టీమ్ అను అంగడిలో వేసవియందును, శీతకాలమునందును తగ్గింపు ధరల సంబరములు జరుగును. చౌకయని పది కొని రెండైనను ముగింపనివారు అనేకులు. చౌకగా దొరకునది ఆట మాత్రమే. దానిని ఆడుటకు కావలసిన గంటలు ఏ అంగడిలోను తగ్గింపునకు రావు. క్రొత్తది వచ్చినదని పరుగెత్తుటయు నిట్టిదే. 1988 ఫిబ్రవరి 10వ తేదీ బుధవారము జపానునందు 'డ్రాగన్ క్వెస్ట్ 3' విడుదలయైనప్పుడు బడి మాని అంగళ్లయొద్ద వరుసలు కట్టిన బాలురు వందలకొలది. ఆ యాట నేటికిని దొరకుచున్నది. ఆనాటి పాఠము మాత్రము వారికి మరల దొరకలేదు.

అయిదవ సూత్రము: ఇంటికి తగిన ఆటను ఎన్నుకొనుడు. నైట్ షిఫ్టు చేసివచ్చిన తండ్రి పగలు నిద్రించు ఇండ్లు మన కాలనీలో పెక్కు. అట్టి యింట చప్పుడు లేక చదువుచు ఆడదగిన ఆట, పిలిచిన వెంటనే నిలిపి లేవదగిన ఆట మంచిది. ఇంటియందున్న ఫోనొక్కటియే యైనచో అన్నకు రెండు గంటలు, చెల్లెలికి అంట్లును అను పంపకము తగదు. ఆమెకును కథ ప్రియమే. ఆమె గంట ఆమెకీయవలయును.

ఈ సూత్రముల ననుసరించి మాకు తోచిన వరుస నొకదానిని చూపెదము. మొదట 2015లో ప్రధానముగా టోబీ ఫాక్స్ అను నొక్క వ్యక్తి కల్పించిన 'అండర్‌టేల్' ఆడుడు. ఆఱేడు గంటలలో ముగియును. పాత కంప్యూటరునందైనను నడచును. ఎదురైన శత్రువు నొక్కనినైనను చంపక, మాటలచేతను దయచేతను కథను ముగింపవచ్చుననుట దాని విశేషము. పిదప 1995 నాటి 'క్రోనో ట్రిగ్గర్'. కాలమునందు ముందునకును వెనుకకును పయనించి లోకనాశమును తప్పించు మిత్రుల కథ, ఇరువది గంటలకు కొంచెము పైగా పట్టును, ఫోనునందును దొరకును. వారమునకు రెండు గంటల లెక్కను మూడు మాసములు చాలును. ఈ రెండును ముగించినవానికి దీర్ఘమైనదాని రుచియు, తన యోపికయు తెలియును. అప్పుడు కావలయునన్న ఒక వేసవి సెలవులలో మొదలిడి, 'డ్రాగన్ క్వెస్ట్ 11' వంటి పెద్ద ఆటను ఎత్తుకొనవచ్చును. పదవ తరగతియం దేదియు వలదు. ఉన్నచోటనే ఆటను భద్రపఱచి పరీక్షలయిన పిదప తెఱవుడు.

తల్లిదండ్రులకు మనవి యొక్కటి. మీ బిడ్డ యేమి యాడుచున్నాడో యొకసారి ప్రక్కన కూర్చుండి యడుగుడు. "ఈతడెవడు? వీడెందుకు పోరాడుచున్నాడు? ఇది యెప్పుడు ముగియును?" అను మూడు ప్రశ్నలు చాలును. మూడవ ప్రశ్నకు బిడ్డ జవాబు చెప్పలేకపోయిన యెడల ఆ ఆటను మార్చవలసిన కాలము వచ్చినదని తెలియుడు. జవాబు చెప్పినచో కథ విని సంతసింపుడు. చిన్ననాడు మీకు కథ చెప్పినవారి ఋణము కొంత తీరును.

విద్యార్థులారా! మీయొద్ద నున్న తీరిక చిన్న పొర. దానిని తొందరపడి త్రవ్వుకొనక, బోరు వేసి, లెక్క చూచి, మంచి బొగ్గున్న చోటనే తట్ట నింపుడు. ముగింపు గల కథను ఎన్నుకొని, దానిని ముగించి, తృప్తితో లేచి పుస్తకము తెఱచువాడు ఆటయందును, చదువునందును గెలుచును.