ఒంటి చేతి వంట

పోయిన నెల వచ్చిన ఉత్తరాల్లో ఒక చెల్లెలి ఉత్తరం నన్ను నాలుగు రోజులు వదల్లేదు. తను క్రైస్తవురాలు కాదట. పక్కింటావిడ మాత్రం ఆదివారం ఆదివారం ప్రార్థనకు వెళ్తుందట. "ఏ కష్టం వచ్చినా ఆవిడ 'నా బలమేముంది, అంతా దేవుడి బలమే' అంటుంది అక్కా. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అంటే అది నిలుస్తుందా? మనం లేచి పొయ్యి వెలిగించకపోతే పిల్లలకు అన్నం ఎవరు వండుతారు?" అని అడిగింది.

మంచి ప్రశ్నే. నిజం చెప్పొద్దూ, కొన్నేళ్ళ క్రితం నేనూ ఆ చెల్లెలి పక్షమే. పుట్టింటి నుంచి క్రైస్తవురాలినే, చిన్నప్పట్నుంచీ సండే స్కూలుకి వెళ్ళినదాన్నే. కానీ నోటి మాట వేరు, కడుపులో మాట వేరు. నోటితో 'అంతా ప్రభువు కృప' అనేదాన్ని. కడుపులో మాత్రం 'చేస్తున్నది నేనే గదా' అని ఉండేది.

2022 ఏప్రిల్లో మా అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. ఎడం చెయ్యి, ఎడం కాలు పడిపోయాయి. మావారు బస్సు డ్రైవరు, డ్యూటీకి పోతే మర్నాటికి గానీ రారు. అబ్బాయి ఇంటరు, అమ్మాయి పదో తరగతి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తే అత్తమ్మకు ఒళ్ళు తుడవటం, పక్క మార్చటం, మందులు, పిల్లల క్యారేజీలు, బట్టలు, మళ్ళీ సాయంత్రం వంట. మా ఆడపడుచు వచ్చి పది రోజులు ఉంటానంది. వద్దులే వదినా అన్నాను. పాస్టరమ్మగారు స్త్రీల కూడికలో చెప్పి, వారానికి రెండు రోజులు ఎవరో ఒకరం కూర పంపిస్తామమ్మా అన్నారు. అదీ వద్దన్నాను. మా ఇంట్లో పొయ్యి ఉండగా ఇంకొకరింటి కూర రావటమేమిటని నా రోషం. ప్రార్థన మాత్రం రోజూ చేసేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే అది ప్రార్థన కాదు, కిరాణా కొట్టుకు పంపే సరుకుల చీటీ. ఇది కావాలి, అది కావాలి, త్వరగా పంపించు. అంతే.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఇది చెప్పకుండా మిగతాదంతా చెప్పుకుంటే అబద్ధమవుతుంది. జూలైలో ఒక రాత్రి మూడుసార్లు పక్కగుడ్డలు మార్చాల్సి వచ్చింది. మూడోసారి నీళ్ళ మగ్గును నేల మీద ఠంగుమని పెట్టాను. ఒక్క మాట కూడా అనలేదు. అనకపోతేనేం, ఆ చప్పుడు చాలదూ? అత్తమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. తెల్లారి నేను కూడికలో పాటలు పాడాను. ఎట్లా పాడానో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆగస్టులో కుళాయి దగ్గర పాచి మీద కాలు జారి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. డాక్టరు గారు ఆరు వారాలు కట్టు విప్పకూడదన్నారు. నొప్పికి నేను ఏడవలేదు. ఇంటికొచ్చి వంటింటి గడప దగ్గర నిలబడితే ఏడుపొచ్చింది. "నేనేం తప్పు పని చేస్తున్నానయ్యా? ముసలామెకు సేవే గదా చేస్తున్నాను. తీసుకుంటే ఈ చెయ్యే తీసుకోవాలా?" అని దేవుడితో పోట్లాడాను. రెండు రోజులు హోటలు ఇడ్లీలతో గడిచింది. మూడోరోజు అబ్బాయి అడగకుండానే పాస్టరమ్మగారికి ఫోను చేసేశాడు. నన్ను అడిగితే వద్దంటానని వాడికి తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం గోరుచిక్కుడు కాయలు ముందేసుకుని కూర్చున్నాను. గోరుచిక్కుడు తుంచాలంటే రెండు చేతులు ఉండాలి గదా, ఒకటి పట్టుకోవటానికి, ఒకటి విరవటానికి. ఎడం చేత్తో పట్టుకుని పళ్ళతో తుంచబోయాను. మంచం మీద నుంచి అత్తమ్మ పిలిచింది. మాట కొంచెం ముద్దగా వచ్చేది గానీ అర్థమయ్యేది. "ఇట్లా పట్రా అమ్మాయ్" అంది. పళ్ళెం మంచం మీద పెట్టి, దిండ్లు ఆనించి కూర్చోబెట్టాను. నా ఎడం చెయ్యి కాయ పట్టుకుంది, ఆవిడ కుడిచెయ్యి తుంచింది. అరకిలో కాయలకి ముప్పావు గంట పట్టింది.

సగంలో ఉండగా ఆవిడే అంది: "నాలుగు నెలల్నుంచి నాకు అన్నీ చేస్తున్నావు. నాకు ఒక్క పని చెప్పావా?"

నా దగ్గర జవాబు లేదు.

"నేను ఈ మంచాన పడ్డ రోజే నా బలం అయిపోయింది. అప్పట్నుంచీ ఆయన బలంతోనే తెల్లారుతోంది. నీకు ఇవాళ కొత్తగా ఉంది, అంతే" అని నవ్వింది. తర్వాత ఆ ఉన్న ఒక్క చెయ్యి నా కట్టు మీద పెట్టి రెండు మాటల ప్రార్థన చేసింది. చెయ్యి బాగవ్వాలని అడగలేదు. ఈ పిల్లకు కాస్త విశ్రాంతి ఇవ్వు తండ్రీ అంది. ఆ మగ్గు చప్పుడు విన్న మనిషి ఆ మాట అడిగింది.

(ఆ కూర సంగతి అడిగేవాళ్ళు ఉంటారు. కాయలు ఉప్పు, చిటికెడు పసుపు వేసి ఉడికించి, నీళ్ళు వార్చి, తాలింపులో వేసి, పైన నువ్వులు, ఎండుమిర్చి, వెల్లుల్లి కలిపి దంచిన పొడి చల్లాలి. దంచింది మా అమ్మాయి. కాస్త బరకగా దంచింది. అదే బాగుంది.)

ఆ రాత్రి బైబిలు తీసి గిద్యోను కథ చదివాను. ఎన్నిసార్లు విన్నదో. కానీ ఆ రోజు వేరేగా కనబడింది. మిద్యానీయుల మీదికి యుద్ధానికి గిద్యోను దగ్గర ముప్ఫై రెండు వేలమంది చేరతారు. జనం ఎక్కువయ్యారు, గెలిస్తే మా చేతులతోనే గెలిచామంటారు అని దేవుడు తగ్గించమంటాడు. భయపడేవాళ్ళు వెళ్ళిపొమ్మంటే ఇరవై రెండు వేలమంది వెళ్ళిపోతారు. మిగిలిన పది వేలను కూడా వడబోస్తే చివరికి నిలిచింది మూడొందల మంది. వాళ్ళ చేతుల్లో ఏముంది? బూరలు, ఖాళీ కుండలు, కుండల్లో దివిటీలు. మన వంటింటి సామానే అనుకోండి. కానీ చూడండి, ఆ మూడొందల మంది ఇంట్లో పడుకోలేదు. అర్ధరాత్రి లేచి వెళ్ళారు, చెప్పినచోట నిలబడ్డారు, కుండలు పగలగొట్టారు. పని వాళ్ళు చేశారు. గెలుపు మాత్రం తమదని చెప్పుకోలేకపోయారు.

మోషే సంగతీ అంతే. అమాలేకీయులతో యుద్ధంలో కొండ మీద ఆయన చెయ్యి ఎత్తి ఉంచినంతసేపూ కింద ఇశ్రాయేలీయులు గెలుస్తుంటారు. చేతులు బరువెక్కి దించితే ఓడిపోతుంటారు. అప్పుడు ఒక రాయి తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టి, అహరోను ఒక పక్క, హూరు ఒక పక్క నిలబడి పొద్దుగూకేదాకా ఆ చేతులు పట్టుకున్నారు. ఇన్నాళ్ళూ నేను ఈ కథలో మోషేనే చూశాను. ఆ రాత్రి ఆ ఇద్దరు కనబడ్డారు. దేవుడి బలం మోషేకు అందింది పక్కవాళ్ళ చేతుల మీదుగానే గదా! నేనేమో ఆడపడుచును వద్దని, పాస్టరమ్మగారిని వద్దని పంపేసి, దేవా బలమివ్వు అని అడుగుతూ కూర్చున్నాను.

కట్టు విప్పాక, 2023 జనవరి 1 తెల్లవారుజామున పిల్లల్ని తీసుకుని మా ఒంగోలు ప్రార్థనా కొండ ఎక్కాను. ఈ కొండ కథ మా ఊరివాళ్ళకు కొత్త కాదు గానీ మిగతా చెల్లెళ్ళ కోసం చెబుతాను. నెల్లూరులో అమెరికా బాప్టిస్టు మిషను పెట్టి ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు కొద్దిమందే. ఈ ఒక్క మిషనూ మూసేద్దామా అని 1853లో అమెరికాలోని పెద్దలు చర్చించుకున్నారు కూడా. అట్లాంటి రోజుల్లో, 1854 జనవరి 1న, లైమన్ జ్యుయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు పొద్దు పొడవకముందే ఈ కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు, జూలియా, రూత్. అంటే ఐదుగురిలో ముగ్గురు మనవాళ్ళే. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని అడిగారు. మర్నాడే ఎవరూ రాలేదు. జాన్ క్లౌ దొరగారు వచ్చి ఒంగోల్లో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళు! కుక్కరు మూడో విజిల్ రావటం ఆలస్యమైతే విసుక్కునే మనిషిని నేను.

ఆ తర్వాత కథలోనే ఆ చెల్లెలి ప్రశ్నకు జవాబుంది. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువొచ్చింది. క్లౌ దొరగారు మోకాళ్ళ మీద ఉండి ఊరుకోలేదు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకు పని ఇచ్చి కూలి ఇచ్చారు. ఆయనకు భూమి సర్వే పని ముందే తెలుసు, అది అక్కరకొచ్చింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువులో ఏడాది పైగా బాప్తిస్మాలే ఇవ్వలేదట. లెక్క పెంచుకోవాలంటే అంతకన్నా సులువైన కాలం ఉంటుందా? ఆగారు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ప్రార్థనా చేశారు, కాలువా తవ్వించారు, ఆగాల్సినచోట ఆగారు.

కాబట్టి చెల్లీ, దేవుడి బలం మీద ఆనుకోవటమంటే పొయ్యి వెలిగించకపోవటం కాదు. ఇంకా కొన్ని కూడా కాదు, అవీ చెప్పేస్తాను. ప్రార్థన చేశాం గదా అని బీపీ మాత్రలు, షుగరు మాత్రలు మానెయ్యటం కాదు. మా అత్తమ్మకు ప్రార్థన ఒకపూట తప్పినా తప్పిందేమో గానీ మాత్ర తప్పలేదు. మొగుడు కొడుతుంటే 'ఓర్చుకో, దేవుడే మారుస్తాడు' అని ఆడదాన్ని అదే ఇంట్లోకి తోసి తలుపెయ్యటం అసలే కాదు. కొంతమంది పెద్దలు అట్లా చెబుతారు. నాకు నచ్చదు. ఆ పిల్లను బయటికి తీసుకొచ్చే చెయ్యి కూడా దేవుడు పంపిన చెయ్యే అని నేననుకుంటాను. మీలో కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి.

మరి ఫలితం ఏమిటంటారా? నా చెయ్యి బాగయింది, చలికాలంలో కాస్త సలుపుతుంది. అత్తమ్మ కాలూ చెయ్యీ మాత్రం రాలేదు. ఎందరు ప్రార్థన చేశారో లెక్కలేదు. 2023 నవంబరులో నిద్రలోనే వెళ్ళిపోయింది. బైబిల్లో పౌలు తన శరీరంలో ఉన్న ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకుంటే దేవుడు తియ్యలేదు, నా కృప నీకు చాలన్నాడు, బలహీనతలోనే తన బలం పూర్తిగా కనిపిస్తుందన్నాడు. ఇది విన్నప్పుడల్లా తేలిగ్గా తలూపేదాన్ని. ఇప్పుడు తేలిగ్గా ఊపలేను. ఆమె ఎందుకు బాగవలేదో నాకు తెలియదు. ఆ పదిహేను నెలలూ రోజూ మధ్యాహ్నం కూరగాయల పళ్ళెం ఆవిడ మంచం మీదే పెట్టానని మాత్రం తెలుసు. నా చెయ్యి బాగైన తర్వాత కూడా. బెండకాయ తుడవటం, కరివేపాకు దుయ్యటం, చింతపండు గింజ తియ్యటం ఆవిడ పనులు. మగ్గు సంగతి కూడా ఒకరోజు అడిగి క్షమాపణ చెప్పుకున్నాను. "ఏ మగ్గు?" అంది. గుర్తులేదో, లేదన్నట్టు చేసిందో.

ఆ ఆరు వారాలూ మా ఇంటికి ఎన్ని క్యారేజీలు వచ్చాయో! సంఘంలోవాళ్ళవి, పక్కింటి వదినెవి, ఎదురింటి బేగం గారివి కూడా. రెండో వారానికి సిగ్గు పోయింది. మూడో వారానికి ఇవాళ ఎవరి పప్పుచారో అని పిల్లలు ఎదురుచూడటం మొదలుపెట్టారు. గిన్నెలన్నీ తోమి తిరిగి ఇచ్చేశాం గానీ, ఒక స్టీలు మూత మాత్రం మిగిలిపోయింది. మీద పేరు లేదు, అంచున చిన్న సొట్ట ఉంది. అందర్నీ అడిగాను, మాది కాదంటే మాది కాదన్నారు. ఇప్పటికీ నా పోపుల డబ్బా పక్కనే ఉంది. ఎవరిదైతే వాళ్ళు వచ్చి తీసుకుపోండి, కాఫీ పెట్టిస్తాను.