ద్వీపమున విడిది

బేగంపేట రణగొణధ్వని నుండి రెండు దినములు తొలగి, ములుగు జిల్లాయందలి లక్నవరమునకు పోవలెనని మే మనుకొనుచున్నాము. కాకతీయుల కాలమున, 13వ శతాబ్దమున, కొండల నడుమ కట్టిన చెరువది. అందలి ద్వీపముపై పర్యాటకశాఖవారి కుటీరములు కలవు. వ్రేలాడు వంతెనపై నడచి చేరవలెను.

చిక్కంతయు నిక్కడనే వచ్చినది. మా అత్తగారు, "ఊగెడు వంతెనపై నా మోకాళ్లు నిలువవు; మీరు పోయి రండమ్మా" అనిరి. ఒకపూట మేమును సరే యనుకొంటిమి. పిమ్మట సిగ్గు కలిగినది. మా బిడ్డల నెత్తుకొని తిరిగి యరిగిన మోకాళ్లు గదా అవి!

కావున ఏర్పాటు మార్చితిమి. వరంగల్లు వరకు రైలు. త్రోవలో 1213లో కట్టిన రామప్పగుడి కడ విశ్రాంతి. మరునా డుదయమున, జనము చేరకమునుపే, ఆమెను చెరియొక ప్రక్క పట్టుకొని మెల్లగా వంతెన దాటుట. సాధ్యము కానిచో అందరమును ఒడ్డుననే కూర్చుండి, నీటిని చూచి మరలుదుము.

వేసవిలో చెరువు తగ్గును గాన వర్షముల పిదపనే ప్రయాణము. రెండేండ్ల కొకసారి మాఘమున జరుగు మేడారము జాతరకు ఆ త్రోవ క్రిక్కిరియును. ఆ దినములు విడువవలెను. మందులు, టార్చిలైటు, అటుకులు మూట గట్టితిమి. ద్వీపమున మరచిన వస్తువును పొరుగింట నడుగ వీలులేదు గదా!