పాడుపడిన పల్లెలో పొయ్యిరాళ్లు

చరిత్రమనగానే రాజులును, యుద్ధములును, కోటలును మనకు తలంపునకు వచ్చును. ఇల్లాలి పనికి చరిత్రమున చోటు లేదని పలువురు భావింతురు. ఆ భావము సరికాదని చూపు నొక పల్లెను గూర్చి యీ మాసమున ముచ్చటింప నెంచితిమి.

స్కాట్లండు దేశపు టుత్తరభాగమున హైలాండ్సు అను కొండసీమ కలదు. అందు సదర్లండు మండలమున, నేవర్ నది పారు లోయయందు, రోసల్ అను పల్లె యుండెడిది. ఇప్పుడచ్చట ఒక్క యింటికిని కప్పు లేదు. పొట్టిగోడల మొదళ్లును, పచ్చిక క్రమ్మిన దిబ్బలును, పొలముల చుట్టును దిరిగిన కట్టయు మాత్రము మిగిలియున్నవి. 1962వ సంవత్సరమున గ్లాస్గో విశ్వవిద్యాలయమునకు జెందిన హొరేస్ ఫెయిర్‌హర్‌స్టు అను పండితుడు ఈ స్థలమును త్రవ్వించి పరిశోధించెను. తరువాత చుట్టుపట్ల అడవి పెంచినప్పుడు పల్లెపట్టును మాత్రము చెట్లు నాటక విడిచిరి.

ఆ రాళ్లను జూచి ఇంటిపనిని తెలిసికొనవచ్చును. ఇండ్లు పొడుగైనవి. ఒకే కప్పుక్రింద నొక కొనను మనుష్యులును, రెండవ కొనను పశువులును ఉండెడివారు. పొయ్యి గోడకు జేరక నడినేలపై నుండెడిది, పొగగొట్టము లేదు. వంటకట్టె దొరకుట అరుదు. కావున బురదనేలల నుండి కోసి యెండబెట్టిన పీట్ అను మట్టిపెళ్లలనే మండించెడివారు. మసిపట్టిన పాత కప్పుగడ్డిని సైతము పారవేయక పొలమునకు ఎరువుగా వేయుట ఆ సీమ యందలి వాడుక.

ఇండ్లకు దాపున ధాన్యము నెండబెట్టు బట్టీల గుంటలు కలవు. అచ్చట వేసవి కొద్దికాలమే, వానలు మెండు. ఓట్సును, బార్లీయు చేనిలోనే చక్కగా ఎండవు. కావున గుంటపై పుల్లలును గడ్డియు పరచి, దానిపై గింజలుంచి, ప్రక్కనుండి సొరంగము వంటి దారిని సన్నని వేడిని పంపెడివారు. మంట యెక్కువైనచో గింజయు గడ్డియు నొక్కసారిగా నంటుకొనును. ఆ వేడిని కనిపెట్టుటకు ఎంత నేర్పు వలయునో పొయ్యియెదుట నిలుచు మన కొకరు చెప్ప నక్కరలేదు. ఆ సీమలోని కొట్టములకు పలుచోట్ల ఎదురెదురుగా రెండు వాకిళ్లుండును. ఆ గాలివాటున ధాన్యమును తూర్పారబట్టెడివారు.

వేసవిలో స్త్రీలును, పిల్లలును పశువులను తోలుకొని కొండలపైకి బోయి, చిన్న పాకలలో నివసించుచు, పాలు పిదికి, వెన్నయు జున్నును చేసెడివారు. ఆ పాకలున్న తావులు నేటికిని చుట్టునున్న గోధుమవన్నె పొదల నడుమ పచ్చగా గనబడును. ఏండ్ల తరబడి పశువుల పేడ పడిన నేల యగుటయే దానికి కారణము. ఎస్టేటువారి శిస్తు లెక్కలలో సాధారణముగా కౌలుదారుడైన పురుషుని పేరే యుండును. ఇల్లాలి పాలపని యా పుటలలో లేదు. కొండ పచ్చికలో నున్నది.

ఇట్టి పల్లె యేల పాడుపడెను? కరవు చేతను గాదు, తెగులు చేతను గాదు. గొఱ్ఱెల ఉన్నికి మంచి వెల వచ్చుచుండెను. లోయలను పెద్ద గొఱ్ఱెల మందల కిచ్చినచో ఎక్కువ శిస్తు రాగలదని యజమానులు లెక్కవేసిరి. ఆ ఎస్టేటునకు యజమానురాలు ఎలిజబెత్ అను సదర్లండు కౌంటెస్ అనుట గమనింపదగినది. 1814 మొదలు కొలది సంవత్సరములలో నేవర్ లోయలోని పల్లెలు ఖాళీ చేయబడెను. జనులను సముద్రతీరపు టిరుకు మళ్లకు తరలించిరి. పలువురు విదేశములకు వలసపోయిరి. మరల వచ్చి కాపురముండకుండుటకై ఇండ్ల దూలములను తగులబెట్టిరి. చెట్లు కరవైన సీమలో దూలము పోయిన, ఇల్లు పోయినట్లే.

ఎస్టేటు కార్యనిర్వాహకుడగు పాట్రిక్ సెల్లార్ ఈ లోయలోనే గొఱ్ఱెల భూమిని కౌలునకు బుచ్చుకొనెను. మంచముపట్టిన యొక వృద్ధురా లుండగనే యింటికి నిప్పు పెట్టించెనని యతనిపై నేరము మోపిరి. 1816లో ఇన్వర్నెస్ పట్టణమున విచారణ జరిగి, అతడు నిర్దోషియని తీర్పు వచ్చెను. చిన్న కౌలుదారులను ఇష్టమువచ్చినట్లు వెడలగొట్టకుండ కాపాడు చట్టము 1886లో గాని రాలేదు. రోసల్ ఇల్లాండ్రకు అది డెబ్బదియేండ్లు ఆలస్యము.

గెలిచినవారి పక్షమున కాగితములు మిగులును. ఓడినవారి పక్షమున ఒక్కొక్కప్పుడు పొయ్యిరాళ్లే మిగులును. ఆ రాళ్లు పలుకవలెనన్న, వాని పని యెరిగినవారు చూడవలెను. కావున సోదరీమణులారా, మీ యింటి పెద్దలు వాడిన పనిముట్ల పేర్లను, వారి పని తీరును అడిగి వ్రాసి యుంచుడు. రోసల్ ఇల్లాండ్రను అడుగుటకు మనకు వీలులేదు. మన యవ్వలను అడుగుటకు ఇంకను వీలున్నది.