నడిస్తే పింఛను పోతుందని మంచానికి అంటుకుపోకండి!

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల దివ్యాంగ సోదరీ సోదరులారా! వాళ్లను కనిపెట్టుకుని ఉన్న తల్లులారా, భార్యలారా, బిడ్డలారా!

ఒకటో తారీకు వస్తోందంటే మన ఊళ్లలో కొన్ని ఇళ్లలో ఏం జరుగుతోందో మీకు తెలియంది కాదు. చేతికర్ర పట్టుకుని పెరడంతా తిరిగే మనిషి ఆ పూట మంచం దిగడు. సచివాలయం వాళ్లు డబ్బు చేతిలో పెట్టి వెళ్లేదాకా కర్ర తలుపు వెనకే ఉంటుంది.

ఒక లంక గ్రామంలో దింపు కార్మికుడు ఒకాయన కొబ్బరి చెట్టు మీంచి పడ్డాడు. నడుం దెబ్బతిని కాళ్లు చచ్చుబడ్డాయి. ఫిజియోథెరపీ చేసినాయన చెప్పినట్టే భార్య పెరట్లో నాలుగు సరుగుడు గుంజలు పాతించి, వాటికి రెండు పక్కలా వెదురు గడలు కట్టించింది. ఉదయం, సాయంత్రం ఆ గడల మధ్య నిలబడి, చేతుల బలం మీద అడుగు ఈడ్చుకుంటూ ఆ కొసకీ ఈ కొసకీ వెళ్లొచ్చేవాడు. చెమటతో అరచేతులు జారుతుంటే గడలకి గోనెపట్టా చుట్టారు. పింఛన్ల వెరిఫికేషన్ అని ఊళ్లో మాట పుట్టగానే గడలు విప్పేసి గోడకి చేరేశారు. "ఎవరైనా ఫొటో తీసి పంపితే మా గతేంటండీ?" అని అడిగింది ఆవిడ. ఇప్పుడాయనకి తుంటి మీద పుండు లేచింది. గడలున్న రోజుల్లో అది లేదు.

ఆ గడలు మళ్లీ కట్టించాలనే ఈ కరపత్రం.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలైంది. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 15,000 ఇస్తున్నారు. ఆ డబ్బుతోనే మందులు, డైపర్లు, ఇంటిల్లిపాది బియ్యం, పిల్లల ఫీజులు గడుస్తున్నాయి. 2025 జనవరి నుంచి డాక్టర్ల బృందాలు ముందు 15,000 తీసుకునేవాళ్ల ఇళ్లకి వచ్చాయి. తర్వాత మిగతావాళ్లని ఆసుపత్రులకి పిలిచారు. ఆ ఏడాది ఆగస్టులో పింఛనుకి అనర్హులంటూ రాష్ట్రమంతటా నోటీసులు వెళ్లాయి. కాలు లేనివాళ్లు, కన్ను లేనివాళ్లు కాగితాల కట్ట చంకన పెట్టుకుని ఆటోలెక్కి తిరిగారు. దొంగ సర్టిఫికెట్లు ఏరేయాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. మోసంతో లబ్ధి పొందితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని 2016 దివ్యాంగుల హక్కుల చట్టమే చెబుతోంది. కానీ దొంగల కోసం వేసిన వల చూసి నిజమైనవాళ్లు కదలడం మానేశారు. మా బాధ అదే.

అసలు వైకల్యం శాతం ఎలా లెక్క కడతారో తెలుసుకోండి. మీరు సంతకి నడిచి వెళ్లారా, గుడి మెట్లెక్కారా అని పక్కింటివాళ్లని అడిగి వేసే లెక్క కాదది. డాక్టరు మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి కీలు ఎంత వంగుతోందో, కండకి ఎంత పట్టు ఉందో, ఒక కాలు ఎంత పొట్టిగా ఉందో చూడాలి. దెబ్బతిన్న కాలి మీద నిలబడగలరా, గొంతుక్కూర్చోగలరా, బాసింపట్టు వేయగలరా, మెట్లెక్కగలరా అని ఒక్కొక్కటీ చేయించి చూడాలి. కాలు తీసేసినవాళ్లకైతే ఎక్కడిదాకా తీశారన్నదే లెక్క. మొత్తం 40 శాతం, ఆపైన వస్తే పింఛనుకి అర్హులు. పోలియో కాలు రోజూ ఏటిగట్టు మీద నడిచినంత మాత్రాన పొడవు పెరగదు. కృత్రిమ కాలు తొడుక్కుని వాలీబాల్ ఆడినా తెగిన కాలు తెగిన కాలే.

"మయూరి" సినిమా గుర్తుందా? 1985లో సింగీతం శ్రీనివాసరావుగారు తీశారు. ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్ జైపూర్ కాలుతో నాట్యం చేస్తే ఆంధ్రదేశమంతా కళ్లు తుడుచుకుని చప్పట్లు కొట్టింది. అదే మనిషి ఇవాళ మన ఊళ్లో పింఛను తీసుకుంటూ గజ్జె కట్టిందనుకోండి. చప్పట్లు కొడతామా, కంప్లయింట్ పెడతామా?

ఇక్కడ మీకు ఒక నిజం దాచకుండా చెప్పాలి. అందరి సంగతీ పోలియో కాలు లాంటిది కాదు. పక్షవాతం వచ్చినవాళ్లకి వ్యాయామంతో చేయీ కాలూ తిరిగి స్వాధీనంలోకి రావచ్చు, శాతం తగ్గనూ వచ్చు. అందుకే చాలామందికి తాత్కాలిక సర్టిఫికెట్టే ఇస్తారు. 15,000 తీసుకునే మనిషి లేచి నిలబడితే 6,000కి మారుస్తారేమో, నెలకి 9,000 పోతుందేమో అన్న బెంగ కూడా ఉత్తది కాదు. అయినా మేము చెప్పేది ఒకటే: కదలండి. పక్షవాతంలో మొదటి ఆరు నెలలూ బంగారం లాంటివి. ఆ రోజుల్లో చేయించని వ్యాయామం తర్వాత ఎంత డబ్బు పోసినా అంతగా పనిచేయదు. కోలుకునే మనిషికి భయం కలగకుండా చూడాల్సింది ప్రభుత్వం. ఆ భారం రోగి వీపు మీద వేయడం అన్యాయం.

కదలకపోతే ఏమవుతుందో మంచం పక్కన కూర్చున్నవాళ్లకి బాగా తెలుసు. కీళ్లు బిగుసుకుపోతాయి. ఎముక గుల్లబారుతుంది. ఒంటికి షుగరు, బీపీ తోడవుతాయి. నడుం కింద స్పర్శ లేనివాళ్లకి పుండు పడిన సంగతి కూడా తెలియదు. ఇంట్లోవాళ్లకి వాసన వచ్చేసరికి లోపల గుంట పడిపోయి ఉంటుంది. ఆ పుండుకి కట్లు కట్టించడానికి అమలాపురమో కాకినాడో తిరిగితే, పోతుందని భయపడ్డ పింఛనంతా అక్కడే ఖర్చయిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వైకల్యం ఉన్నవాళ్ల కోసం మొట్టమొదటిసారి విడిగా సూచనలిచ్చింది. అందరిలాగే పెద్దలు వారానికి 150 నిమిషాలైనా ఒళ్లు వెచ్చబడేలా కదలాలంది. అంత చేయలేనివాళ్లు ఎంత చేసినా మేలే అంది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు పావుగంటకో అరగంటకో ఒకసారి చేతుల మీద ఒంటిని లేపాలి, లేదా పక్కకి వాలాలి. మంచంలో ఉన్నవాళ్లని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. చిన్నప్పుడు పోలియో వచ్చి ఇప్పుడు యాభై దాటినవాళ్లు మాత్రం జాగ్రత్త. ఒళ్లు విరిగేదాకా చేయకండి. మర్నాడు ఇంకా నీరసంగా ఉంటే చేసింది ఎక్కువైందని అర్థం, కాస్త తగ్గించండి. దివ్యాంగ పిల్లలున్నవాళ్లు వాళ్లని మండలంలోని భవిత కేంద్రానికి తీసుకెళ్లండి, అక్కడ ఫిజియోథెరపీ చేస్తారు.

ఈ భయం మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో యాక్టివిటీ అలయన్స్ అనే సంస్థ 2018లో ఆరా తీస్తే, కదలాలని ఉన్న దివ్యాంగులు నూటికి 83 మంది. కదులుతూ కనిపిస్తే ప్రభుత్వ సాయం పోతుందని భయపడేవాళ్లు 47 మంది. అంత డబ్బున్న దేశంలోనే అలా ఉంటే, ఒకటో తారీకు కోసం ఎదురుచూసే మన లంకల్లో భయం ఎంత లోతుకి దిగి ఉంటుందో చెప్పక్కర్లేదు.

పక్కింటివాళ్లకి కూడా ఒక మాట. "నిన్న బజార్లో కనిపించాడు, వీడికి పింఛనెందుకు" అనే ముందు ఆ మనిషి బజారుకి వచ్చి ఇంటికెళ్లాక ఎంతసేపు పడుకుని మూలిగాడో ఆలోచించండి. దివ్యాంగుణ్ని నలుగురిలో కావాలని అవమానిస్తే ఆర్నెల్లు తక్కువ కాకుండా, ఐదేళ్ల దాకా జైలని అదే 2016 చట్టం 92వ సెక్షన్ చెబుతోంది. 30వ సెక్షన్ అయితే దివ్యాంగులు ఆటల్లో పాల్గొనేలా చూడాల్సిన బాధ్యతని ప్రభుత్వం మీదే పెట్టింది. ఆడమని చెప్పిన చట్టం కిందే మన సర్టిఫికెట్టు వస్తోంది. ఆడుతున్నాడని ఆ సర్టిఫికెట్టుని అనుమానించడం ఏం న్యాయం?

కాబట్టి మేము అడుగుతున్నాం: వ్యాయామం చేస్తూనో, ఆడుతూనో, పని చేసుకుంటూనో కనిపించాడన్న ఫిర్యాదు మీద ఎవరి పింఛనూ ఆపబోమని కలెక్టరుగారు రాతపూర్వకంగా ప్రకటించాలి. కోలుకున్నవాళ్ల పింఛను ఒక్క దెబ్బన కోసేయకుండా ఏడాది పాటు కొనసాగించి, మెల్లగా తగ్గించాలి. రాజోలు, కొత్తపేట ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ రోజూ అందాలి. లంకల్లో ఉన్నవాళ్లు రేవు దాటి రాలేరు కాబట్టి వారానికి ఒక రోజు ఫిజియోథెరపిస్టే ఊళ్లోకి రావాలి.

మీరు చేయాల్సింది ఇది. రేపు పొద్దున్నే ఇంటి ముందుకి రండి. పెరట్లో దాక్కుని కాదు, వీధిలో, పదిమంది చూస్తుండగా. ప్రతి ఆదివారం ఉదయం ఊళ్లో ఉన్న దివ్యాంగులంతా బడి ఆవరణలోనో, చెరువు గట్టునో ఒకచోట చేరండి. కుర్చీ ఉన్నవాళ్లు కుర్చీతో, కర్ర ఉన్నవాళ్లు కర్రతో రండి. ఒక్కడు నడిస్తే ఫొటో తీస్తారు, పాతికమంది నడిస్తే దారి ఇస్తారు. సర్టిఫికెట్టు, ఎక్స్‌రేలు, ఆసుపత్రి చీటీలు జిరాక్సులు తీయించి ఒక సంచిలో భద్రంగా పెట్టుకోండి. నోటీసు వస్తే చింపి పారేయకండి, ఏడుస్తూ కూర్చోకండి. తేదీ చూసుకుని మండలంలో ఎంపీడీఓకి, పట్టణంలో మున్సిపల్ కమిషనరుకి అప్పీలు పెట్టి రసీదు తీసుకోండి. రాయడం రానివాళ్లకి చదువుకున్న పిల్లలు రాసిపెట్టండి.

వచ్చే సోమవారం అమలాపురం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక దగ్గర పై కోర్కెలతో అర్జీ ఇస్తున్నాం. కొత్తపేట వైపువాళ్లు ఆర్డీఓ కార్యాలయంలో ఇవ్వండి. ఉదయం పది గంటలకల్లా చేరండి. మెట్లెక్కలేనివాళ్లు కిందే ఆగండి, అధికారులే దిగి వచ్చి అర్జీ తీసుకునేలా మాట్లాడదాం. ఆధార్ జిరాక్సు, మంచినీళ్లు, మధ్యాహ్నం వేసుకునే మందులు వెంట తెచ్చుకోండి.

ఇట్లు
కోనసీమ దివ్యాంగులు, వారి కుటుంబాలు

చదివాక పక్కవాళ్లకి ఇవ్వండి. చదవడం రానివాళ్లకి చదివి వినిపించండి.